"అట" లేని వాక్యం: చిన్న ఊరి మాయ నవలల్లో ఏం జరుగుతుంది?

మా చెల్లె బిడ్డ హన్మకొండలో డిగ్రీ చదువుతోంది. పోయిన వానాకాలం ఒక ఆదివారం ఇంటికి వచ్చి, సంచిలోంచి ఒక ఇంగ్లీషు నవల తీసి నా ముందు పెట్టింది. అట్ట మీద దీపం వెలుగుతున్న కిటికీ, కిటికీ కింద పిల్లి. "పెద్దమ్మా, సగం చదివిన. గిది పిల్లల కథనా, దయ్యాల కథనా, ఏందో సమజైతలేదు" అంది. కథ ఒక చిన్న ఊరిది. ఆ ఊరి పాత తపాలా ఆఫీసుకు, ఇంకా ఎవరూ రాయని ఉత్తరాలు వస్తుంటాయి. పోస్టుమ్యాన్ వాటిని రోజూ పంచినట్టే పంచుతాడు. అందుకున్నవాళ్లు చదువుకుని, మడిచి, వంటింట్లోకి పోతారు. "ఎట్ల వస్తున్నయో ఎక్కడన్న చెప్తదేమోనని చూస్తున్న. చెప్తనే లేదు."

"చెప్పదు బిడ్డా" అన్నాను.

"చెప్పకుంటె ఎట్ల నమ్మాలె మరి?"

ఈ ప్రశ్న ఆమెకొక్కదానికే వచ్చింది కాదు. ఇలాంటి నవలలు ఈ మధ్య మన పిల్లల చేతుల్లో బాగా కనిపిస్తున్నాయి. వాటికి "కోజీ", "మ్యాజిక్ రియలిజం", "హీలింగ్ ఫిక్షన్" అని మూడు చీటీలు అంటిస్తున్నారు. ఒక్కోసారి మూడూ ఒకే పుస్తకం మీద ఉంటాయి. చదివేవాళ్ల గందరగోళం సగం ఆ చీటీల వల్లనే.

మూడు పేర్లు ఎక్కడ పుట్టాయి

మ్యాజిక్ రియలిజం అనే మాట సాహిత్యంలో పుట్టలేదు. 1925లో ఫ్రాంజ్ రో అనే జర్మన్ కళా విమర్శకుడు అప్పటి కొత్త చిత్రకారుల గురించి రాస్తూ ఆ మాట వాడాడు. వాళ్లు వేసినవి మామూలు వస్తువులే. కానీ ఎంత తేటగా, ఎంత నిలకడగా చూసి వేశారంటే, రోజూ కళ్లబడే వస్తువే వింతగా తోచేది. 1949లో క్యూబా రచయిత అలెహో కార్పెంతియేర్, హైతీ నేపథ్యంగా రాసిన నవలకు ముందుమాట రాస్తూ ఇంకో మాట చేర్చాడు. మా నేల మీద వాస్తవమే అద్భుతంగా ఉంది, మేం పనిగట్టుకుని కల్పించనక్కరలేదు అని ఆయన వాదన. 1967లో కొలంబియా రచయిత గాబ్రియెల్ గార్సియా మార్క్వెజ్ మకోందో అనే ఊరి నూరేళ్ల కథ రాశాక ఈ పేరు లోకమంతా తిరిగింది. ఆ కథను ఏ గొంతుతో చెప్పాలో తనకు అమ్మమ్మ నేర్పిందని ఆయనే చెప్పుకున్నాడు. నమ్మలేని సంగతిని ఆమె ముఖంలో ఏ మార్పూ లేకుండా చెప్పేదట.

మన విమర్శకులు దీన్ని "మాంత్రిక వాస్తవికత" అన్నారు. అర్థం సరైనదే గానీ, "మాంత్రిక" అనగానే మనకు ముగ్గు, నిమ్మకాయ, గడ్డం మాంత్రికుడు గుర్తుకొస్తారు. ఈ నవలల్లో అవేవీ ఉండవు. ఎవరూ మంత్రం వేయరు. జరగరానిది ఒకటి జరుగుతుంది, అంతే.

"కోజీ" ఇంగ్లీషు డిటెక్టివ్ కథల్లోంచి వచ్చింది. హత్య జరుగుతుంది గానీ నెత్తురు కనబడదు. చిన్న ఊరు, ఒకరికొకరు తెలిసిన జనం, చివరికి అంతా సర్దుకుంటుంది. ఆ పద్ధతి తర్వాత మాయ కథల్లోకి పాకింది. మన మాటలో చెప్పాలంటే, పుష్యమాసంలో తెల్లవారుజామున సలిమంట దగ్గర కూర్చున్నప్పుడు ఉండే నెమ్మది. చలి పోలేదు, వెనక వీపుకు తగులుతూనే ఉంది. ముందు చేతులు మాత్రం వెచ్చగా ఉన్నాయి.

హీలింగ్ ఫిక్షన్ అనే పేరు ఎక్కువగా జపాన్, కొరియా నవలలకు పెడుతున్నారు. కాఫీ దుకాణం, పుస్తకాల దుకాణం, అక్కడికి ఏదో బరువుతో వచ్చే మనుషులు. 2015లో జపాన్ రచయిత తోషికాజు కవాగుచి రాసిన నవలలో ఒక కాఫీ హోటల్ ఉంటుంది. అక్కడ ఒక కుర్చీలో కూర్చుంటే గతంలోకి పోవచ్చు. కాఫీ చల్లారేలోగా తిరిగి రావాలి. పోయి ఏం చేసినా ఇప్పటి సంగతులేవీ మారవు. ఈ చివరి షరతు దగ్గరికి మళ్లీ వస్తాను.

ఒకే గిర్ని, నాలుగు కథలు

తేడాలు పేర్లతో తెలియవు, ఒక ఉదాహరణ పట్టుకుంటే తెలుస్తాయి. పరకాలలో ఒక గిర్ని ఉందనుకుందాం. ఊహ నాదే. రేకుల షెడ్డు, లోపల రెండు మిషన్లు, ఒకటి పిండికి, ఒకటి కారానికి. పట్టా తిరుగుతుంటే కాళ్ల కింద నేల అదురుతుంది. గిర్ని నడిపే ఆయన కనురెప్పల మీద కూడా పిండే. స్టీలు డబ్బాలు, యూరియా సంచులు వరుసలో ఉంటాయి, వాటి యజమానురాళ్లు గోడ నీడన ఉంటారు. ఎవరి జొన్నలు తొట్టిలో పోస్తే, వాళ్లింట్లో ఆ రోజు ఎవరూ పైకి అనకుండా మింగేసిన మాట ఒకటి ఆ చప్పుడులోంచి వినబడుతుంది.

ఇదే సంగతి "అనగనగా ఒక ఊరు" అని మొదలైతే జానపద కథ. అందులో పరకాల పేరుండదు, కరెంటు ఉండదు. ఒక మునీశ్వరుడో, శాపమో ఉంటుంది. చందమామ చదివి పెరిగినవాళ్లకు ఆ ఊరు బాగా తెలుసు, దానికి బస్సు మాత్రం లేదు.

ఫాంటసీ అయితే రచయిత నియమాలు చెప్పాలి. ఆ తిరగలి రాయి ఏ గుట్ట నుంచి వచ్చింది, ఏ గింజకు ఏ మాట పలుకుతుంది, దాన్ని ఎవరు అదుపు చేయగలరు అని. చదివేవాడికి ఆ నియమాలు తెలుసుకోవడంలోనే ఆనందం.

దయ్యాల కథ అయితే ఆ షెడ్డులో ఎవరో చనిపోయి ఉండాలి. జనం భయపడాలి, పొద్దుగూకినంక అటు పోకూడదు.

నాలుగోది మన విషయం. గిర్ని మాట్లాడుతుంది. ఎందుకో ఎవరూ అడగరు. పక్కవాళ్లకు వినబడకుండా గిర్ని ఆయన రేడియో పెద్దగా పెడతాడు, ఆయన మర్యాద అది. ఒకామె డబ్బా అక్కడ పెట్టి మెల్లగా అంటుంది: "మాది అన్నం తినే యాల్లకు పట్టు తమ్మీ, అప్పుడైతె ఎవలుండరు." కరెంటు పోతే వాక్యం మధ్యలో ఆగిపోతుంది. మిగతా సగం కోసం ఆమె అక్కడే కూర్చుంటుంది.

చూడండి, నాలుగు కథల్లోనూ గిర్ని ఒకటే, మాయ ఒకటే. మారింది ఆశ్చర్యం. జానపద కథలో ఆశ్చర్యం వినేవాళ్లది. ఫాంటసీలో అది తెలుసుకోవాలనే కుతూహలమవుతుంది, దయ్యాల కథలో భయమవుతుంది. నాలుగోదాంట్లో పాత్రలకు ఆశ్చర్యమే లేదు, వాళ్ల ధ్యాసంతా ఆ మాట వల్ల వచ్చే ఇబ్బంది మీద ఉంది. మార్క్వెజ్ నవలలో రెమెదియోస్ అనే అందగత్తె పెరట్లో దుప్పట్లు మడత పెడుతూ పెడుతూ ఆకాశంలోకి లేచిపోతుంది. ఇంటి కోడలు ఫెర్నాందాకు బాధ దేని గురించో తెలుసా? పోయిన దుప్పట్ల గురించి. వాటిని తిరిగి పంపమని దేవుణ్ణి చాలాకాలం వేడుకుంటుంది. అమ్మాయి లేచిపోవడాన్ని మనం నమ్మేది ఆ దుప్పట్ల వల్లనే.

ఈ గిర్ని సంగతి మా అమ్మకు చెప్పి చూశాను. విని, "కిలోకు ఎంత తీసుకుంటడు?" అని అడిగింది.

తెలుగులో దీని కీలకం రెండక్షరాల్లో ఉంది

ఈ రకం రచనను వివరించేటప్పుడు ఇంగ్లీషు విమర్శకులు కథకుడి గొంతు, స్వరం అంటూ చాలా దూరం పోతారు. మనకు అంత దూరం అక్కరలేదు. తెలుగుకు "అట" ఉంది. "గిర్ని మాట్లాడుతదట" అంటే నేను చూడలేదు, ఎవరో చెప్పారు, నాది పూచీ లేదు. "గిర్ని మాట్లాడుతది" అంటే పూచీ నాదే. మొదటి వాక్యం పుకారు. రెండోది మ్యాజిక్ రియలిజం.

"అట"కు చుట్టాలు ఇంకా ఉన్నాయి: "అనిపించింది", "లాగా", "అన్నట్టు". "గిర్ని మాట్లాడినట్టు అనిపించింది" అంటే కవిత్వం, అలంకారం. చదివేవాళ్లు దాన్ని ఆ మనిషి మనసులో దిగులుగా తీసుకుంటారు. ఆ "అనిపించింది" కొట్టేస్తే ఆ దిగులు మనసులోంచి బయటికొచ్చి షెడ్డులో నిలబడుతుంది, వరుసలో ఉన్నవాళ్లందరికీ వినబడుతుంది. తెలుగులో ఇలాంటి కథ రాసిన చోట ఎక్కడ తడబడ్డారో చూడాలంటే నేను మొదట వెతికేది ఈ మాటలనే. పది పేజీల పాటు ధైర్యంగా చెప్పి, పదకొండో పేజీలో ఒక్క "అనిపించింది" పెడితే కట్టిందంతా కలగా మారిపోతుంది.

మా అమ్మది ములుగు వైపు ఊరు. "పక్కింటి పిల్లకు సంబంధం కుదిరిందట" అంటుంది. పక్కిల్లు పది అడుగుల దూరంలో ఉన్నా సరే, తను చూడలేదు కాబట్టి "అట" పెడుతుంది. అదే అమ్మ సమ్మక్క గురించి చెప్పేటప్పుడు: "పులుల నడుమ ఆడుకుంటాంటె కోయదొరలు చూసి ఎత్తుకచ్చిండ్రు. కాకతీయులతోటి కొట్లాడింది. దెబ్బ తగిలితె చిలుకలగుట్ట దిక్కు నడిచి మాయమైంది. పోయి చూస్తే కుంకుమ భరిణె దొరికింది." ఒక్క "అట" లేదు.

మేడారం బెల్లం, రామప్ప ఇటుక

ఇక్కడే అసలు చిక్కు. అయితే మేడారం కథ మ్యాజిక్ రియలిజమేనా? కొందరు అవునంటారు. మనకు ఇది కొత్తేం కాదు, ఒగ్గు కథలో మల్లన్న ఉన్నాడు, బతుకమ్మ ఉంది, ఊరి పొలిమేరలో పోచమ్మ ఉంది, లాటిన్ అమెరికా వాళ్లు పేరు పెట్టారంతే అని వాళ్ల మాట. అందులో నిజం ఉంది. ఐనవోలు జాతరలో ఒగ్గు కథ విన్నవాళ్లకు ఆ గొంతు తెలుసు. డోలు ఆగుతుంది, కథకుడు దేవుడి మాట పలుకుతాడు, మరుక్షణం మామూలు మనిషై పక్కవాడితో పరాచికమాడతాడు. రెండింటి మధ్య గడప ఉండదు.

కానీ ఇంకొందరు గట్టిగా కాదంటారు. నాకు వాళ్ల వాదనే బలంగా కనిపిస్తుంది. మేడారంలో భక్తులు తమ బరువుకు సరితూగే బెల్లం గద్దెకు సమర్పిస్తారు. దాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. "నిలువెత్తు బంగారం ఇచ్చినం" అన్నప్పుడు ఆ మనిషి ఊహ చేయడం లేదు. అది మొక్కు, అది బతుకు. దాన్ని సాహిత్య పద్ధతి అనడమంటే, ఆమె నమ్మకాన్ని మనం బయట నిలబడి చూస్తూ "ఎంత బాగా కల్పించారు" అనడమే. నవల రాసేవాడికి తను కల్పిస్తున్నానని తెలుసు. గద్దె ముందు నిలబడ్డ మనిషి కల్పించడం లేదు. రెండూ ఒకే గొంతుతో పలకవచ్చు, కానీ ఆ గొంతును నవల నమ్మకం దగ్గర అప్పు తెచ్చుకుంది.

ఇంకో దిక్కు నుంచి రామప్ప చూడండి. పాలంపేటలో 1213 నాటి గుడి, గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించినది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినది. గోపురానికి వాడిన ఇటుక నీళ్లలో వేస్తే తేలుతుంది. ఈ వాక్యం మాయ కథలా ఉంది గానీ ముమ్మాటికీ వాస్తవం. లోపలంతా సన్నని గుల్లలతో, నీటికన్నా తక్కువ సాంద్రతతో చేసిన ఇటుక అది. గోపురం బరువు తగ్గడానికి అలా చేశారు. కార్పెంతియేర్ చెప్పిన "వాస్తవమే అద్భుతం" అన్న మాటకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

అంటే మూడు వేర్వేరు సంగతులు ఒకే పేరు కిందికి వచ్చి చేరుతున్నాయి. ఇటుక వాస్తవం, వినడానికి మాయ. బెల్లం నమ్మకం, బయటివాళ్లకు మాయ. గిర్ని కల్పన, చెప్పే తీరులో వాస్తవం. నవలను చదివేటప్పుడు మనం చూస్తున్నది మూడోదాన్ని.

ఊరు చిన్నదే ఎందుకు కావాలి

ఈ నవలలు పెద్ద నగరంలో నిలబడటం కష్టం. హైదరాబాదులో ఒక గిర్ని మాట్లాడితే టీవీ వాళ్లు వస్తారు, తర్వాత పరీక్షలు చేసేవాళ్లు వస్తారు, ఆశ్చర్యం మొదలవుతుంది. పరకాలలో అయితే దాని గురించి అందరికీ ముందే తెలుసు. తెలిసినదాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. చిన్న ఊరికి గుట్టు దాచడం రాదు గానీ, తెలిసీ తెలియనట్టు ఉండటం బాగా వచ్చు. మాయకు కావలసింది అదే.

ఊరట మీద తగువు

ఈ నవలల మీద తీవ్రమైన అభ్యంతరం ఒకటుంది. మ్యాజిక్ రియలిజం పుట్టింది నెత్తురున్న చోట, కోజీ నవలలు ఆ నెత్తురు కడిగేసి మాయను మాత్రం అలంకారంగా ఉంచుకున్నాయి అని. 1928 డిసెంబరులో కొలంబియాలోని సియెనాగాలో, సమ్మెలో ఉన్న అరటి తోటల కూలీలను సైన్యం కాల్చింది. మార్క్వెజ్ నవలలో ఆ ఘటన ఉంది. చావు తప్పించుకుని వచ్చినవాడు మూడు వేలమంది పోయారంటాడు. ఊరంతా ఎవరూ చావలేదంటుంది. ఆ వెంటనే వాన మొదలై నాలుగేళ్ల పదకొండు నెలల రెండు రోజులు కురుస్తుంది. ఆ వాన అందం కోసం పెట్టింది కాదు. ఊరికి ఊరు మరచిపోవడం ఎలా ఉంటుందో చూపడానికి పెట్టింది. అలాంటి వానను తెచ్చి కిటికీ బయట హాయిగా చినుకులు పడేలా చేస్తే ఏం మిగిలింది అని వీళ్లు అడుగుతారు.

రెండో పక్షం మాట కూడా తీసిపారేసేది కాదు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నర్సు, ఇంటెడు చాకిరీ ముగించి పదింటికి పుస్తకం పట్టిన గృహిణి, వాళ్లకు దుఃఖం గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. పైగా మంచి కోజీ నవలలో దుఃఖం లేకపోవడం ఉండదు. కవాగుచి కాఫీ హోటల్ షరతు గుర్తు చేసుకోండి: గతంలోకి పోయినా ఇప్పటిది మారదు. పోయినవాళ్లు తిరిగి రారు. మరి ఎందుకు పోవడం? అనకుండా మిగిలిన ఒక మాట అనడానికి. ఆ మాయ లోకాన్ని మార్చదు, కుర్చీలోంచి లేచే మనిషిని మారుస్తుంది. అది చిన్న పని కాదని నేననుకుంటాను.

మధ్యలో పేరు గురించి ఇంకో తగువుంది. పరాయి పాలన అనుభవించిన జాతుల కథలకు ఉండాల్సిన పేరును, సుఖంగా ఉన్న దేశాల బేకరీ కథలకు పెట్టడం అన్యాయమని కొందరు. ఆ పేరు మొదట జర్మన్ చిత్రాలకు పెట్టిందే కదా, ఎవరి సొత్తూ కాదని ఇంకొందరు. చరిత్ర రెండోవాళ్ల వైపు ఉంది, నొప్పి మొదటివాళ్ల వైపు ఉంది.

మన దగ్గర ఇలాంటి నవల రాస్తే ఈ తగువు ఇంకా పదునుగా తగులుతుంది. దొరల మీద రైతులు తిరగబడ్డ కాలంలో, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు పడిపోయాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం దొరకు ఎదురు నిలబడింది. ఆ తర్వాతి తరంలో "లోపలికి పోయిండు" అన్న మాట ఎన్నో ఇళ్లలో ఉంది. లోపల అంటే అడవి, నక్సలైట్ల దళం అని ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ఇక ఏ వాడవాళ్లు ఏ బావి నీళ్లు తోడుకోవచ్చు, ఎవరు ఎవరి అరుగు మీద కూర్చోవచ్చు అన్న లెక్క మన చిన్న ఊళ్లలో నిన్నమొన్నటిది, చాలాచోట్ల ఇవాళ్టిది కూడా. ఊరంతా ఒకరికొకరు ఆత్మీయులే అని రాసేసే నవల ఈ నేల మీద అబద్ధమాడుతుంది.

గిర్ని దగ్గరికి మళ్లీ

అందుకే నా గిర్నిని ఇంకాస్త నడిపి చూశాను. ఒక డబ్బాలోంచి "ఉప్పెక్కువైంది" అన్న మాట వచ్చింది, భర్త అనకుండా తినేసిన మాట. ఇంకో డబ్బాలోంచి "నాకు చదువుకోవాలని ఉన్నది". వరుసలో ఉన్నవాళ్లు నవ్వుకున్నారు, ఒకామె పిల్లను పట్నం పంపమని తల్లికి నచ్చజెప్పింది. ఇంతవరకు కోజీ. ఎవరికీ నొప్పి లేదు, అందరం వెచ్చగా ఉన్నాం.

తర్వాత ఒక ముసలామె వచ్చింది. కిలోన్నర జొన్నలు, చిన్న డబ్బా. కొడుకు లోపలికి పోయి ముప్పై ఏండ్లు. ఆమె జొన్నలు పోస్తే గిర్ని ఏమంటుంది?

ఒక నవలలో కొడుకు గొంతే వినబడుతుంది, "అమ్మా" అని. ఆమె ఏడుస్తుంది, అందరూ ఏడుస్తారు, చదివేవాళ్లం తృప్తిగా పుస్తకం మూస్తాం. నాకు అది మోసం అనిపిస్తుంది. గిర్ని పలికేది ఆ ఇంట్లో ఆ రోజు మింగేసిన మాట కదా, కొడుకు ఆ ఇంట్లో లేడు. మాయకు నియమాలు చెప్పకపోయినా, తను మొదట పెట్టుకున్న మాట మీద నిలబడాలి. ఇంకో నవలలో ఆమె గొంతే వినబడుతుంది, ఆమె ముప్పై ఏండ్లుగా ఎవరితోనూ అనని పేరు. పోలీసులు వస్తారన్న భయంతో మొదట మానేసింది, తర్వాత అలవాటైపోయింది. రేడియో పెద్దగా పెట్టడానికి గిర్ని ఆయన చెయ్యి లేపుతాడు, మళ్లీ దించేస్తాడు. వరుసలో ఎవరూ కదలరు. పిండి పట్టడం అయిపోతుంది. ఆయన డబ్బులు తీసుకుంటాడు, చిల్లర ఇస్తాడు. ఈ రెండోది కూడా కోజీయే. నెత్తురు లేదు, కేకలు లేవు, ఊరు ఆమె పక్కన నిలబడింది. వీపుకు మాత్రం చలి తగులుతోంది.

ఇదంతా చెప్పాక మా చెల్లె బిడ్డ కొంతసేపు ఏమీ అనలేదు. తర్వాత తన నవల తెరిచి పేజీలు వెనక్కి తిప్పింది. "పెద్దమ్మా, గీ ఊర్ల కాలువ అవతల ఒక ఇల్లున్నది. పోస్టుమ్యాన్ రోజు ఆ ఇంటి ముందట సైకిలు దిగి నడిపించుకుంట పోతడు, మళ్ల ఎక్కుతడు. వాళ్లకు ఒక్క ఉత్తరం గూడ రాలే. ఎందుకో నేను చూడనే లేదు" అంది. పెన్సిల్ అడిగి తీసుకుని, ఆ పేజీ మూలన చిన్న గీత పెట్టి, అక్కడి నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టింది.